టిక్కు పెట్టింది మా వదినే

మా వదినకి అనుమానం ఎక్కువని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కువేమిటి నా మొహం! ఆవిడకి అనుమానం తప్ప ఇంకోటి తెలిస్తే కదా. గ్యాసు కట్టేసి చూస్తుంది, వంటింట్లోంచి బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళి చూస్తుంది. తలుపుకి తాళం వేసి భుజంతో ఒక నెట్టు నెడుతుంది, మెట్లన్నీ దిగాక మళ్ళీ ఎక్కి ఇంకో నెట్టు నెడుతుంది. పాలవాడు పోసిన పాలని గిన్నెలో అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "పెళ్ళయి ఇన్నేళ్ళయినా, పెళ్ళి ఫొటోలో తన పక్కన నిలబడింది నేనేనా అని అప్పుడప్పుడూ దగ్గర పెట్టుకుని చూస్తుందమ్మా" అని వాళ్ళాయన, అంటే నాకు వరసకి అన్నయ్యగారు, నవ్వుతూ చెబుతుంటారు. వదిన మాత్రం నవ్వదు. "అబద్ధమా? ఆ ఫొటోలో మీ మీసం వేరేగా లేదూ?" అంటుంది.

వదిన అంటే మా ఆయనకి అక్క. కింద వాటాలో వాళ్ళుంటారు, పైన మేము.

ఆవిడ కళ్ళజోళ్ళకి అద్దాలు తయారుచేసే చోట పనిచేస్తుంది. కళ్ళజోళ్ళ దుకాణాల వాళ్ళు మనుషుల కళ్ళు పరీక్ష చేసి, ఏ కంటికి ఎంత పవరో చీటీ మీద రాసి అక్కడికి పంపిస్తారు. వదిన ఆ అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఎక్కించాక ఒక్కో ఆర్డరూ తెరిచి, చీటీతో పోల్చి, 'సరిచూశాను' అని రాసి ఉన్న గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు పడితేనే వెనక హాల్లో అద్దాలు అరగదీసే మేస్త్రికి ఆర్డరు చేరుతుంది. టిక్కు కింద ఆవిడ పేరు దానంతటదే పడుతుంది. దూరం ఆననివాళ్ళకి మైనస్ అద్దం, దగ్గర ఆననివాళ్ళకి ప్లస్ అద్దం. ఆ చిన్న గీత మారిందంటే కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి ఉన్న చూపు కూడా పోయినట్టే ఉంటుంది. అందుకని ఎవరైనా ఒకసారి చూసి పంపేదాన్ని వదిన రెండుసార్లు చూసేది. ఆర్డరు తెరిచి, పెదాలు కదుపుతూ చదివి, మూసేసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ చదివి, అప్పుడు టిక్కు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చున్నాక ఒక్క జత కూడా వెనక్కి రాలేదని ఓనరు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఇంత అనుమానం ఊరికే రాలేదులెండి. అంతకుముందు ఆవిడ మందుల గోడౌన్లో చేసింది. అక్కడెవరో ఆవిడ లేనప్పుడు ఆవిడ కంప్యూటర్లో కూర్చుని సరుకు లెక్కలు మార్చేశారు. కింద ఆవిడ పేరే ఉంది. నేను కాదు మహాప్రభో అని నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ వినలేదు. ఉద్యోగం పోయింది, దొంగ అన్న మాట మిగిలింది. అప్పట్నుంచి ఆవిడ కుర్చీలోంచి లేస్తే కంప్యూటరుకి తాళం పడాల్సిందే, చెయ్యి కడుక్కోవడానికి లేచినా సరే.

అలాంటి మనిషి గదిలోకి నేను వెళ్ళి పడ్డాను. ఓనరు కొత్త దుకాణాలు చాలా పట్టాడు, చీటీలు రెట్టింపయ్యాయి, ఇంకో మనిషి కావాలన్నాడు. మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడి అప్పటికే కొన్నాళ్ళయింది. ఆయన వెళ్ళి నాకోసం ఓనర్ని అడిగారు. కొన్నాళ్ళు చూసి, నచ్చితే ఉంచుకుంటానన్నాడు ఓనరు. ఇంట్లోంచి పనికి వెళ్ళే మనిషిని నేనొక్కదాన్నే. ఈ ఉద్యోగం నిలబడకపోతే మేమేం చెయ్యాలో నాకూ తెలీదు, మా ఆయనకీ తెలీదు.

మొదటిరోజు వదిన నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు పంపారే నిన్ను?"

"మీ తమ్ముడే వదినా."

"వాడికెవరు చెప్పారు ఇక్కడ ఖాళీ ఉందని?"

"మీరే చెప్పారట కదా, పని ఎక్కువైపోయిందని!"

"పని ఎక్కువైందన్నాను. మనిషి కావాలని అన్నానా?"

అదీ స్వాగతం. నాకని ఓనరు కొత్త కంప్యూటరు కొన్నాడు. వదిన దాన్ని కూడా లాక్కుని తన బల్లమీదే పెట్టుకుంది. రెండు తెరలకీ పక్కల అట్టముక్కలు అతికించింది, నా కుర్చీలోంచి ఏమీ కనబడకుండా. "ఆ అమ్మాయి టైపు చేస్తుంది, నువ్వు సరిచూడు" అని ఓనరు స్పష్టంగా చెప్పి వెళ్ళాడు. "అలాగేనండీ" అంది వదిన. ఆయన గుమ్మం దాటాడో లేదో, నా ముందు చీటీల కుప్ప పడేసి, దుకాణాల వారీగా విడదీసి పిన్నులు కొట్టమంది. రోజంతా పిన్నులు కొట్టాను. మర్నాడూ అదే. నా చదువుకీ, నా టైపింగుకీ ఇదేం ఖర్మరా బాబూ అనుకున్నాను.

కానీ ఒకటి నాకు అంతుపట్టలేదు. పని రెట్టింపయినా, టైపింగు నాకివ్వకపోయినా, సాయంత్రానికల్లా చీటీలన్నీ అయిపోతున్నాయి. ఇదివరకు ఆవిడ చీకటిపడేదాకా కూర్చునేదని అన్నయ్యగారే చెప్పారు. ఇప్పుడు నాతోపాటే లేస్తోంది. అంత వేగం ఎక్కణ్ణించి వచ్చింది? పైగా రెండుసార్లు చూసే మనిషి!

నేను పిన్నులు కొడుతూనే కన్నేసి ఉంచాను. ఆవిడ రెండు చేతులూ ఎప్పుడు చూసినా ఎడమపక్క కంప్యూటరు మీదే ఉన్నాయి, టకటకా కొడుతూ. కుడిపక్క దాన్ని ముట్టుకోవడం లేదు. అయినా ఆ తెర వెలుగు వెనక గోడమీద మారుతోంది. తెల్లగా, కాసేపు ఆగి నీలంగా, మళ్ళీ తెల్లగా. దాన్ని ఎవరు ఆడిస్తున్నట్టు? బయటివాళ్ళెవరితోనో చాటుగా చేయిస్తోందా? ఎవరినీ నమ్మని మనిషి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళని నమ్మిందా? 

సరిగ్గా అప్పుడే కళ్ళజోళ్ళు వెనక్కి రావడం మొదలైంది. మొదట ఒక జత. తర్వాత ఇంకొకటి. కుడి కంటిది ఎడమకి పడింది, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడింది. ఎవరో ఆవిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని మెట్లు దిగుతూ జారిపడిందట. దుకాణం వాళ్ళు ఫోన్ చేసి ఓనర్ని ఉతికి ఆరేశారు. ఓనరు ఆ కోపమంతా మోసుకొచ్చి మా గదిలో దింపాడు.

మేస్త్రిని పిలిచాడు. "కంప్యూటర్లో ఏముంటే అదే అరగదీశాను, చూసుకోండి" అన్నాడు మేస్త్రి. చూశారు. కంప్యూటర్లోనే తప్పుంది. చీటీ తీశారు. చీటీలో ఒప్పుగానే ఉంది.

"నేను రెండుసార్లు చూసి టిక్కు పెట్టానండీ. నేను చూసినప్పుడు తప్పు లేదు" అంది వదిన.

"మరి ఇదెలా వచ్చింది?"

"నేను చూశాక ఎవరో మార్చి ఉండాలి" అంది, కాయితాల వైపు చూస్తూ. నా వైపు చూడలేదు. చూడాల్సిన పనేముంది? ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే. ఇన్నేళ్ళూ రాని కళ్ళజోళ్ళు నేను వచ్చాకే వెనక్కి వస్తున్నాయి. ఓనరు ఆ లెక్క చిటికెలో వేసేశాడు. "అమ్మాయ్, ఇంకొక్క జత వెనక్కొచ్చిందా, నువ్వు ఇంటికే" అని వేలు చూపించి వెళ్ళాడు.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన అన్నం ముందు కూర్చుని, కలుపుతూ కలుపుతూ, "అక్క ఊరికే అనదే" అన్నారు.

"అయితే నేను మార్చానంటారా?"

"అనలేదుగా."

"అనకపోతే నా మొహం చూసి చెప్పండి."

ఆయన కంచం చూశారు.  కట్టుకున్నవాడికే నమ్మకం లేకపోతే ఇంకెవరికి చెప్పుకోను? ఆ కోపంలోనే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. మారుస్తున్నది వదినేనేమో! నన్ను సాగనంపడానికి తనే అంకెలు తారుమారు చేసి, నెపం నామీద పెడుతోందేమో! ఒకసారి అలా అనిపించాక ఆవిడ ఏం చేసినా నాకు అలాగే కనబడసాగింది. దగ్గినా అనుమానమే, మంచినీళ్ళు తాగినా అనుమానమే. చూస్తూ చూస్తూ నేనూ ఆవిడలాగే తయారయ్యాను.

మర్నాడు మధ్యాహ్నం తిన్నాక వదిన టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి లేచింది. ఎడమ కంప్యూటరుకి తాళం వేసింది. కుడిదానికి వెయ్యలేదు. చేతికందేంత దూరంలో ఉన్నా వెయ్యకుండా వెళ్ళింది!  ఇంతకంటే రుజువేం కావాలి? ఒక్క అంగలో వెళ్ళి అట్టముక్క వెనక్కి తొంగిచూశాను.

తెరమీద ఒక ఆర్డరు తెరుచుకుంది. బాణం గుర్తు దానంతటదే కదిలి అంకెల పక్కన నిలబడింది. కాసేపు ఆగింది. ఆర్డరు మూసుకుంది. మళ్ళీ అదే ఆర్డరు తెరుచుకుంది. మళ్ళీ ఆగింది, సరిగ్గా వదిన పెదాలు కదుపుతూ చదివేంత సేపు. అప్పుడు బాణం కిందికి జారి టిక్కు పెట్టింది. కింద వదిన పేరు పడింది. తర్వాతి ఆర్డరు తెరుచుకుంది. కుర్చీ ఖాళీగా ఉంది, చీటీల కట్ట పిన్ను కూడా విప్పకుండా పక్కనే పడి ఉంది.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

వెనక్కి తిరిగాను. వదిన గుమ్మంలో ఉంది, డబ్బాలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"తాకావా దాన్ని? దొరికావు! ఇన్నాళ్ళూ నువ్వే కదూ!"

"నేను ముట్టుకోలేదు వదినా. ఇది ఎవరు చేస్తున్నారు?"

"ఎవరూ చెయ్యడం లేదు. నేనే."

"మీరు డబ్బా కడుగుతున్నారుగా!"

గుమ్మం బయట ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసి తలుపు వేసింది. అప్పుడు చెప్పింది. ఆర్డర్లు ఎక్కించే ప్రోగ్రాంలో రికార్డ్ అని ఒక మీటుంటుందట. అది నొక్కి మనం ఒకసారి ఏం చేస్తే, ఎక్కడ ఆగితే, అదంతా గుర్తుపెట్టుకుని మళ్ళీ మళ్ళీ అలాగే చేస్తుందట. దాన్ని మాక్రో అంటారట. నేను పనిలో చేరిన రోజునే కనుక్కుంది. తను సరిచూసే పద్ధతి పొల్లు పోకుండా దానికి ఎక్కించింది. తెరవడం, ఆగడం, మూయడం, మళ్ళీ తెరవడం, మళ్ళీ ఆగడం, టిక్కు. పక్కన తను టైపు చేసుకుంటూ పోతోంది, అది తన పని చేసుకుంటూ పోతోంది. తాళం వేస్తే ఆగిపోతుందని వెయ్యలేదు.

"నీకు టైపింగిస్తే నువ్వేం ఎక్కిస్తావో నాకేం తెలుసు? ఇదైతే నేనే. నా చేతులే. పరాయిదేం కాదు" అంది.

"మరి చూస్తున్నదెవరు వదినా?"

"అదేమిటే! నువ్వూ చూశావుగా. రెండుసార్లు చూసి మరీ పెడుతోంది."

"చూడటం లేదు. తెరుస్తోంది, మూస్తోంది."

"ఆగుతోందిగా!"

"ఆగుతోంది. ఆగినప్పుడు చదివింది మీరు. దానికి కళ్ళేవి?"

వదిన నన్ను ఎంత అనుమానంగా చూసిందంటే, నేనే ఏదో మాయ చేసి దాన్ని గుడ్డిదాన్ని చేశానన్నట్టు. "నువ్వేదో నొక్కావు" అంది. "అయితే మీ చేత్తోనే ఒక తప్పు ఎక్కించండి. నేను గోడ దగ్గర నిలబడతాను" అన్నాను. నిలబడ్డాను, చేతులు కట్టుకుని. ఆవిడ ఒక చీటీ తీసి, ప్లస్ ఉన్నచోట కావాలని మైనస్ కొట్టి, మాక్రోని వదిలింది. ఆర్డరు తెరుచుకుంది. బాణం అంకెల పక్కన నిలబడింది. మూసుకుంది, తెరుచుకుంది, నిలబడింది. టిక్కు పడింది. కింద ఆవిడ పేరు.

"మేస్త్రీ! ఇప్పుడొచ్చింది ఆపండి!" అని నేను హాల్లోకి అరిచాను.

వదిన కుర్చీలో కూలబడింది. "నా చూపు కూడా దాంట్లోకి ఎక్కిందనుకున్నానే" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే నా ఒళ్ళు మండిపోతోంది. కాస్త కూడా జాలి వెయ్యలేదు.

"పదండి, ఓనరుకి చెబుదాం" అన్నాను.

"పిచ్చిదానా! కంప్యూటరు దానంతటదే పనిచేస్తుందని తెలిస్తే నువ్వూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదంటాడు. అందుకే కదా అట్టముక్కలు పెట్టింది."

"చెప్పకపోతే నేనొక్కదాన్నే పోతాను. మీకు సుఖం."

 ఆవిడ కుడి కంప్యూటరు ఆపేసి, చీటీల కట్ట విప్పి, మొదటినుంచీ తనే చదవడం మొదలుపెట్టింది. నేను నా పిన్నుల దగ్గరికొచ్చి కూర్చున్నాను. నాకోసం ఈవిడ నోరు విప్పదని అర్థమైపోయింది.

సాయంత్రం కాకముందే ఓనరు వచ్చాడు. చేతిలో ఇంకో కళ్ళజోడు. "అమ్మాయ్, సర్దుకో" అన్నాడు. అరవలేదు కూడా. నేను లేచాను, సంచీ తీసుకున్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి, దాచుకోబుద్ధి కాలేదు.

"తనని పంపకండి. ఎవరూ మార్చలేదు. తొందరలో తప్పు కొట్టింది నేనే. నేను చూడకుండా టిక్కు పెట్టాను" అంది వదిన.

ఓనరు నవ్వాడు. "నువ్వా? చూడకుండానా? మరదలు కదా అని వెనకేసుకొస్తే నేను నమ్మేస్తాననుకున్నావా? ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండమ్మా."

"నిజమండీ."

"వేరేవాళ్ళు చెబితే నమ్మేవాణ్ణి. నువ్వు చెబితే మాత్రం నమ్మను."

వదిన మొహం ఎర్రబడింది. గోడౌన్లో 'నేను కాదు' అన్నా ఎవరూ వినలేదు, ఇక్కడ 'నేనే' అన్నా వినడం లేదు. లేచి, అట్టముక్కలు పట్టుకుని లాగేసింది. కుడి కంప్యూటర్లో మాక్రో నడిపింది. ఇప్పుడొచ్చేవేవీ అరగదీయొద్దని మేస్త్రికి చెప్పి రమ్మని నన్ను పంపించింది. నేను తిరిగొచ్చేసరికి ఓనరు నోరు తెరుచుకుని తెర చూస్తున్నాడు.

"దానంతటదేనా? ఎవరూ ముట్టుకోకుండానా? భలే ఉందే! మరి మీరిద్దరూ ఏం చేస్తున్నట్టు ఇక్కడ?"

అనుకున్నంతా అయింది.  వదిన మాత్రం తొణకలేదు.

"మీ అమ్మగారి చీటీ ఈ కట్టలోనే ఉందండీ, కొత్త కళ్ళజోడుకి. దీనిచేతే టిక్కు పెట్టించి పంపెయ్యనా?"

ఓనరు తెర వైపు చూశాడు. తన చేతిలో ఉన్న కళ్ళజోడు వైపు చూశాడు.  "ఆపెయ్యి దాన్ని" అన్నాడు చివరికి. "ఇది పెట్టిన టిక్కులన్నీ తవ్వి తియ్యండి. తప్పుగా పోయిన ప్రతి జతా వెనక్కి రావాలి. ఒక్కటి మిగిలిందని నాకు తెలిసినా ఇద్దరూ ఇళ్ళకి వెళ్ళొచ్చు."

ఆ రోజునుంచీ నేను చీటీ చదివితే ఆవిడ తెర చూసేది, ఆవిడ చదివితే నేను చూసేదాన్ని. మధ్యమధ్యలో "సరిగ్గా చదివావా?" అనేది. "మీరు సరిగ్గా విన్నారా?" అనేదాన్ని. తప్పుగా పోయినవి దొరికినకొద్దీ దుకాణాలకి ఫోన్లు చేశాం. ఫోను మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు, అన్నీ తనే చేసింది. తిట్టినవాళ్ళు తిట్టారు, ఆవిడ పడింది. ఒక్కో జతా వచ్చి చేరింది. చివరికి ఒక్కటి మిగిలింది. ఒక దర్జీది. దుకాణంవాళ్ళు కళ్ళజోడు ఇంటికే పంపించారట, ఆయన మళ్ళీ వాళ్ళకి కనబడలేదట. వాళ్ళనడిగి నంబరు తీసుకుని, నాకు కూడా వినబడేలా స్పీకర్లో పెట్టి చేసింది.

"కళ్ళజోడా? బాగానే ఉందమ్మా, కొత్తదేగా" అన్నాడు ముసలాయన. "నా కళ్ళే పోయాయి. పాతది పగిలేదాకా బాగానే కుట్టేవాణ్ణి. ఈ కొత్తది పెట్టుకున్నా సూదిలో దారం ఎక్కడం లేదంటే ఇంక కళ్ళు అయిపోయినట్టే కదా. వయసైందిలే అని ఊరుకున్నాను."

"బాబాయిగారూ, మీ కళ్ళకేమీ కాలేదండీ. అద్దాలే తప్పు" అంది వదిన.

"ఊరుకోమ్మా, నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నావు. అంత పెద్ద కార్ఖానా, చూడకుండా పంపుతారా ఏమిటి?"

వదిన ఫోను దగ్గరికి వంగింది. "నేను చూడలేదండీ. చూడకుండానే పంపాను."

 అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది.

"మరి మిషను అమ్మేశానే అమ్మా" అన్నాడాయన.

నాకు ఏడుపాగలేదు. వదిన ఏడవలేదు. కాలితో బల్లకింద చెప్పులు వెతుక్కుంటూ, "ఎవరికి అమ్మారు బాబాయిగారూ? వాళ్ళిల్లెక్కడ?" అని అడిగింది.